కోట తర్వాత కట్టొచ్చు, ముందు ఒక్కరితో ఆడించు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది హనుమకొండ. నాకు 28 ఏళ్లు. మడికొండ ఐటీ పార్కులో ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. నెలకు 34 వేలు చేతికొస్తాయి. చిన్నప్పటి నుంచి వీడియో గేమ్స్ అంటే ప్రాణం. ఆడటం కంటే తయారుచేయడం మీదే నాకు ఎక్కువ ఇష్టం. మూడేళ్లుగా రాత్రిళ్లు కూర్చుని ఒక గేమ్ చేస్తున్నాను. రుద్రమదేవి కాలం నాటి ఓరుగల్లు కోట, అందులో తిరిగే ఒక వేగు కథ. గేములు తయారుచేసే అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో, 3డీలో చేస్తున్నా. ప్రాజెక్టు ఇప్పటికే 40 జీబీ దాటింది. కీర్తితోరణం మీది హంసల ఈకలు కూడా విడివిడిగా చెక్కాను. కానీ పూర్తవడానికి ఇంకా ఎన్నేళ్లు పడుతుందో అర్థం కావడం లేదు. ఉద్యోగం మానేసి ఒక ఏడాది దీనిమీదే కూర్చుంటే అయిపోతుందనిపిస్తోంది.

ఇంట్లో ఈ మాట ఎత్తితే గొడవ. బాపు ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. మా చిన్నాయన కొడుకు ఆన్‌లైన్ రమ్మీలో లక్షలు పోగొట్టుకుని, ఉన్న ఒక్క ప్లాటూ అమ్ముకున్నాడు. అప్పటి నుంచి గేమ్ అన్న మాట వింటేనే బాపుకు మండుతుంది. "గేములు ఆడెటోళ్లు ఇండ్లు అమ్ముకుంటున్నరు, గేములు చేసెటోనివి నువ్వేం కడ్తవ్‌రా" అంటాడు. రోజూ సాయంత్రం ఒళ్లంతా మిర్చి ఘాటుతో ఇంటికొచ్చి, జెండా పాట ఎంత పలికింది, ఏ రైతుకు ఎంత కోత పడింది అని గంటసేపు చెప్తాడు. నా సంగతి మాత్రం అడగడు. సంబంధాలు కూడా చూస్తున్నారు. నా గేమ్ ఇంతవరకు ఎవరికీ చూపించలేదు, పూర్తయ్యాకే చూపిద్దామని. నాది పిచ్చా అక్కా? ఉద్యోగం మానేయనా?
– ఒక తమ్ముడు, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, పిచ్చి కాదు. ఉద్యోగం మాత్రం మానేయకు.

నువ్వు అడిగినవాటికి జవాబు ఇంతే. కానీ నీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట వేరే ఉంది. "ఇంతవరకు ఎవరికీ చూపించలేదు" అని చివర్లో ఒక ముక్క రాసి దాటేశావు. మూడేళ్ల పని, ఒక్క మనిషి వేలు కూడా దానిమీద పడలేదు. నీకు టైమ్ చాలడం లేదనీ, ఉద్యోగం అడ్డమనీ, బాపు అడ్డమనీ అనుకుంటున్నావు. నాకైతే ఆ మూడింటికంటే ఇదే పెద్ద అడ్డంగా కనిపిస్తోంది. ఉద్యోగం మానేసి ఏడాది కూర్చున్నా, ఆ ఏడాది కూడా హంసల ఈకల మీదే పోతుందని నా భయం.

హైదరాబాద్‌లో ఒక గేమ్ స్టూడియోలో కొన్నేళ్లు పనిచేసిన దాన్ని కాబట్టి కొంచెం కఠినంగానే చెప్తాను. బయటి దేశాల పెద్ద గేములకు మేం బొమ్మలు చేసి పంపేవాళ్లం. ఒకరు నెలల తరబడి గోడలే చేసేవారు. ఇంకొకరు చెట్లు. ఒకాయన పని తలుపులు, వాటి గడియలు, అంతే. అలాంటి గేమ్ ఒకటి బయటికి రావడానికి వందలమంది, నాలుగైదేళ్లు. నువ్వు తలపెట్టిన కోట గేమ్ కూడా ఆ జాతిదే. మన దేశంలోనే ఉదాహరణ చూడు. పుణె వాళ్లు చేసిన 'రాజీ' గేమ్ వినే ఉంటావు. మన గుళ్ల శిల్పాలు, కోటలు, పురాణాల ఛాయలతో చేసింది. అది జట్టు పని. 2017లో కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర డబ్బు సేకరించబోతే లక్ష్యం చేరలేదు. తంటాలు పడి 2020లో బయటికి తెచ్చారు. ఇన్ని చేతులు పడినా అన్నేళ్లు పట్టింది. ఒక్కడివి, అదీ రాత్రి పదకొండు తర్వాత, ఎంతని చేస్తావు?

ఇలా అనగానే నీకు స్టార్‌డ్యూ వ్యాలీ గేమ్ గుర్తొస్తుందని తెలుసు. అందరూ ఆ కథే చెప్తారు. ఎరిక్ బరోన్ అనే కుర్రాడు ఒక్కడే కూర్చుని బొమ్మలు, సంగీతం, కోడ్, కథ అన్నీ తానే చేసుకుని 2016 ఫిబ్రవరిలో విడుదల చేశాడు, కోట్ల కాపీలు అమ్ముడయ్యాయి. నిజమే. దాని వెనక నాలుగున్నరేళ్ల పని ఉంది. ఆ రోజుల్లో అతను సియాటిల్‌లో ఒక థియేటర్‌లో జనానికి సీట్లు చూపించే పార్ట్‌టైమ్ పని చేశాడు. ఇల్లు గడవడానికి అతని స్నేహితురాలి సంపాదన కూడా తోడైంది. కథ చెప్పేవాళ్లు ఈ సగం మింగేస్తారు. ఇంకో సంగతి, అతను ఎంచుకున్నది పైనుంచి చూసే 2డీ పొలం. నాలుగున్నరేళ్లు పట్టింది దానికే.

కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో 2024 ఒక్క ఏడాదిలోనే 18 వేలకు పైగా కొత్త గేములు వచ్చాయి. రోజుకు సుమారు యాభై. వాటిలో చాలావాటిని చేసినవాళ్ల స్నేహితులు తప్ప వేరేవాళ్లు తెరిచి కూడా చూడరు. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. 34 వేల జీతం వదిలేసి ఈ గుంపులో నిలబడి, నెలాఖరుకు కిస్తీ ఎలా కట్టాలా అని లెక్కలేసుకుంటూ ఉంటే గేమ్ మీద ఇష్టం మూడో నెలకే చచ్చిపోతుంది. ఇష్టాన్ని కాపాడుకోవడానికే ఉద్యోగం ఉంచుకో అంటున్నాను.

మన హనుమకొండలో కవిత్వం రాసే బ్యాంకు ఉద్యోగులు లేరా, నాటకాలు వేసే టీచర్లు లేరా? "దీనిమీద ఎంతొస్తది" అని వాళ్లను ఎవరూ అడగరు. గేమ్ చేసేవాణ్ని మాత్రం అందరూ అడుగుతారు, ఎందుకంటే కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు సంపాదించాలని మన లెక్క. నీకు ఇష్టం కాబట్టి చేస్తున్నావు. ఆ మాట ముందు నువ్వు నీకు ధైర్యంగా చెప్పుకో. డబ్బొస్తే మంచిదే, రాకపోతే తప్పేమీ లేదు.

ఇప్పుడు అసలు పనికొద్దాం. కోటను పక్కన పెట్టు. పారేయమనడం లేదు. అన్నట్టు, ఆ 40 జీబీ ఆ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉందా? ఈ ఉత్తరం చదివిన రోజే ఒక హార్డ్ డిస్క్ కొని కాపీ చేసిపెట్టు, మిగతా సలహాలు తర్వాత. ఆ తోరణం, ఆ హంసలు నాలుగైదు కోణాల నుంచి బొమ్మలుగా తీసి, కళాకారులు తమ పని చూపించుకునే ఆర్ట్‌స్టేషన్ వెబ్‌సైట్‌లో పెట్టు. అంత శ్రద్ధగా చేసిన పని చూస్తే ఏ స్టూడియోవాళ్లైనా ఒకసారి ఆగుతారు. ఎప్పుడైనా ఆ రంగంలో ఉద్యోగానికి వెళ్లాలనిపిస్తే అదే నీ అర్హతాపత్రం.

కోట బదులు ఏం చేయాలో నీ ఉత్తరంలోనే ఉంది. "జెండా పాట ఎంత పలికింది, ఏ రైతుకు ఎంత కోత పడింది" అని రాశావు చూడు. ఆ వాక్యం నేను రెండోసారి వెనక్కి వెళ్లి చదివాను. రుద్రమదేవి మీద గేమ్ చేయాలనుకునేవాళ్లు మన రాష్ట్రంలో చాలామంది ఉంటారు. ఎనుమాముల మిర్చి యార్డులో ఏం జరుగుతుందో రోజూ రాత్రి భోజనాల దగ్గర వింటూ పెరిగి, గేమ్ చేయడం కూడా వచ్చినవాడు నాకు తెలిసి నువ్వొక్కడివే.

ఈ కాలమ్ చదివే మిగతావాళ్ల కోసం కొంచెం చెప్తాను. పొద్దున యార్డులో వ్యాపారులంతా ఒక మంచి సరుకు దగ్గర చేరి పాట పాడతారు. ఆ రోజుకు అందరికంటే ఎక్కువ పలికిన ధర జెండా పాట. మర్నాడు పేపర్లో పడేది ఆ ధరే. ఊళ్లో రైతు అది చూసి బస్తాలు బండికెత్తుకుని వస్తాడు. తీరా వచ్చాక ఒకతను బస్తాలోకి చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి చూసి, "తేమ ఉంది" అంటాడు. ఇంకొకతను "తాలు కలిసింది" అంటాడు. ధర దిగుతుంది. అమ్మాలా, రేపటిదాకా ఆగాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? ఆగితే బండి కిరాయి, స్టోరేజీ కిరాయి, ఇంటి దగ్గర వడ్డీ. పైన మబ్బు పట్టిందంటే గుండె దడ.

ఇది గేమ్ కాదా తమ్ముడూ? ఒకే తెర. ఎదురుగా యార్డు బొమ్మ ఒకటి, కింద నీ ఇరవై బస్తాలు, పైన ఆ రోజు జెండా ధర. వ్యాపారి వస్తాడు, ఒక మాట అంటాడు, ఒక ధర చెప్తాడు. ఆటగాడికి మూడు బటన్లు. పది రోజుల్లో ఆట ముగుస్తుంది, చివర్లో చేతిలో ఎంత మిగిలిందో చూపిస్తుంది. మిర్చి రకాల్లో తేజకు ఒక ధర, వండర్ హాట్‌కు ఒకటి, చపాటాకు ఒకటి. చపాటాకు 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది కాబట్టి ఆ పేరు బయటివాళ్లకూ కాస్త తెలుసు. 3డీ అక్కర్లేదు, నడిచే మనుషులు అక్కర్లేదు. వ్యాపారి మొహం నాలుగు రకాలుగా గీస్తే చాలు. అబద్ధం చెప్తున్నప్పుడు ఒక కనుబొమ్మ కాస్త పైకి లేచేలా గీశావనుకో, ఆటగాడు దాన్ని కనిపెట్టడానికే రెండోసారి ఆడతాడు.

ఇలాంటి చిన్న చోటును గేమ్‌గా మార్చి లోకాన్ని మెప్పించినవాళ్లు ఉన్నారు. లూకాస్ పోప్ 2013లో చేసిన 'పేపర్స్, ప్లీజ్'లో ఆటగాడి పనల్లా సరిహద్దు చెక్‌పోస్టులో కూర్చుని పాస్‌పోర్టులు చూసి ముద్ర వేయడం. అంతే ఆట. అయినా చేతులు చెమటలు పడతాయి. పెద్దగా ఎదిగినవి చిన్నగా మొదలైన సంగతి కూడా ఉంది. 2018లో వచ్చి ఎన్నో అవార్డులు తెచ్చుకున్న 'సెలెస్ట్' మొదట ఇద్దరు కలిసి నాలుగు రోజుల్లో చేసిన బుల్లి గేమ్. అది బాగుందని తేలాకే పెద్దది చేశారు. నీ కోటకూ ఆ రోజు రావచ్చు.

ఇంజిన్ గురించి ఒక మాట. ఇంత చిన్న పనికి అన్‌రియల్ వద్దు, గోడాట్ తీసుకో. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుంది. నేను దాన్ని చెప్పడానికి ఇంకో కారణం తెలుగు. ఈ గేమ్ తెలుగులోనే ఉండాలి కదా. యూనిటీ అనే ఇంకో ఇంజిన్‌లో అక్షరాలు చూపించడానికి ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రోలో తెలుగు పెడితే ఒత్తులు అక్షరం కిందికి వెళ్లకుండా పక్కకు విరిగి పడతాయి. "మిర్చి" అన్న చిన్న మాట కూడా చూడలేం. చాలాకాలంగా ఉన్న తలనొప్పి ఇది. 2023లో వచ్చిన గోడాట్ 4 నుంచి ఆ ఇంజిన్‌లో మన లిపి సరిగా కూర్చుంటోంది. ఫాంటుకు నోటో సాన్స్ తెలుగు గానీ, మండలి గానీ తీసుకో, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఫాంటు ఫైలును ప్రాజెక్టులోనే పెట్టడం మర్చిపోకు, లేకపోతే నీ లాప్‌టాప్‌లో బాగా కనిపించిన అక్షరాలు బ్రౌజర్‌లో ఖాళీ డబ్బాలవుతాయి. బటన్లు కూడా ఇంగ్లిష్ గేముల కొలతలకు చేయకు. పైన గుడి, కింద రెండు ఒత్తులు పట్టేంత ఎత్తు ఉంచు. "కోల్డ్ స్టోరేజీకి పంపు" అన్నది ఎంత పొడుగో ముందే రాసి చూసుకో.

శబ్దాలకు ఫోన్ చాలు. ఒక ఉదయం బాపుతో యార్డుకు వెళ్లి పాట పాడేటప్పటి గోల రికార్డు చేసుకురా. మనుషుల పేర్లు, నంబర్లు వినపడే ముక్కలు తీసేయి.

ఇక ముఖ్యమైనది. నెల తిరిగేసరికి బొమ్మలు లేకపోయినా సరే, చతురస్రాలు, అంకెలతోనైనా ఆడగలిగే రూపం ఒకటి తయారుచెయ్. చేసి, ఇంట్లో చెల్లెలో, వదినో, పక్కింటి ఇంటర్ కుర్రాడో ఎవరో ఒకరికి ఫోన్ ఇచ్చి ఎదురుగా కూర్చో. "ఇక్కడ నొక్కు", "అది అలా కాదు" అని ఒక్క మాట అనకూడదు. నోరు మూసుకుని వాళ్ల బొటనవేలు ఎటు పోతుందో చూడు. బటనే కానిచోట మూడుసార్లు నొక్కుతారు. నువ్వు వారం కష్టపడి రాసిన నాలుగు లైన్ల ఉపోద్ఘాతాన్ని చదవకుండా గీకేస్తారు. ధర ఎక్కడుందో కనపడక పైకీ కిందికీ చూస్తారు. నీకు ఒళ్లు మండుతుంది, చెప్పేయాలనిపిస్తుంది. చెప్పకు. రాసుకో. ఆట అయిపోయాక ఒకటే అడుగు: "ఎందుకు ఓడిపోయావనుకుంటున్నావు?" వాళ్లు చెప్పిన కారణం, నీ కోడ్‌లో ఉన్న కారణం ఒకటైతే నీ గేమ్ పనిచేస్తోందన్నమాట. కాకపోతే పని ఉంది. నువ్వు టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నావు కాబట్టి ఇది నీకు అలవాటైన విద్యే. వేరేవాళ్లు రాసినదాంట్లో తప్పులు పట్టడం రోజూ చేస్తున్నావు, నీదాన్ని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వనంటున్నావు.

"బాగుంది" అనే స్నేహితులను మాత్రం నమ్మకు. మనవాళ్లు మొహమాటానికి ఏది చూపించినా సూపర్ అంటారు. మళ్లీ ఆడతారా లేదా అన్నదే చూడు. అడగకుండా రెండో ఆట మొదలుపెట్టినవాళ్లు ఒక్కరున్నా చాలు.

బయట పెట్టడానికి మొదట ఇచ్.ఐఓ అనే గేముల వెబ్‌సైట్ చాలు. పైసా ఖర్చు లేదు, బ్రౌజర్‌లోనే ఆడొచ్చు, లింకు వాట్సాప్‌లో పంపొచ్చు. తర్వాత ప్లే స్టోర్. ఒకసారి 25 డాలర్లు కడితే ఖాతా వస్తుంది. అయితే 2023 నవంబర్ తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఒక నిబంధన ఉంది. గేమ్‌ను అందరికీ విడుదల చేసేముందు కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు పరీక్షా జాబితాలో ఉండాలి. ఎవరికీ చూపించనంటే గూగుల్ కూడా ఒప్పుకోదన్నమాట. ఆ పన్నెండు మందిని ఇప్పటి నుంచే చూసుకో. స్టీమ్‌కు ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు. గేమ్ వెయ్యి డాలర్ల అమ్మకం దాటితే అవి తిరిగొస్తాయి. అమ్మకాల్లో వాళ్ల వాటా 30 శాతం. మిర్చి గేమ్‌కు స్టీమ్ తొందరేమీ లేదు, ఇంగ్లిష్ రూపం తయారయ్యాక చూద్దువు.

తోడు కూడా కావాలి నీకు. మూడేళ్లు ఒంటరిగా చేసినవాడికి తన పని మంచిదో చెడ్డదో తెలిసే వీలు ఉండదు. ఏటా జనవరి చివర్లో గ్లోబల్ గేమ్ జామ్ జరుగుతుంది. ఇచ్చిన అంశం మీద రెండు రోజుల్లో ఏదో ఒక గేమ్ చేసి చూపించాలి. రెండే రోజులు కాబట్టి ఈకలు చెక్కే వీలుండదు, నీకు మందు లాంటిది. ఐజీడీసీ అని దేశంలో గేములు చేసేవాళ్ల పెద్ద సమావేశం ఉంది. చాలా ఏళ్లు హైదరాబాద్‌లోనే జరిగింది, 2025లో చెన్నైలో పెట్టారు, ఈసారి ఎక్కడో చూసుకో. హైదరాబాద్‌లో అయితే కాజీపేటలో రైలెక్కితే రెండు, రెండున్నర గంటల దారి. టికెట్ ధర ఎక్కువనిపిస్తే ఒక ఏడాది ఆగు, కొంప మునగదు. దగ్గర్లో నిట్ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది. అక్కడి పిల్లల్లో ఇదే పిచ్చి ఉన్నవాళ్లు కచ్చితంగా నలుగురైదుగురు దొరుకుతారు. నెలకోసారి ఏ టీ కొట్టు దగ్గరో కూర్చుని ఒకరి గేమ్ ఒకరు ఆడుకుంటే అంతకంటే మంచి బడి లేదు.

బాపు విషయం. ఆయన కోపాన్ని చాదస్తం అని తీసిపారేయకు. కళ్లముందు తమ్ముడి కొడుకు ప్లాటు పోయింది. తెలంగాణలో పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే నిషేధించారు, రమ్మీతో సహా. అయినా ఇళ్లు కూలడం ఆగలేదు. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. డబ్బు పందేల ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. అదే చట్టం పందెం లేని మామూలు గేములను వేరుగా చూసి, వాటిని ప్రోత్సహించాలంటుంది. ఈ తేడా బాపుకు నువ్వు ఎప్పుడైనా విడమరిచి చెప్పావా? "నువ్వు చెప్పేది వేరే బాపూ" అని విసుక్కుని గదిలోకి వెళ్లిపోయి ఉంటావు. చిన్నాయన కొడుకు ఆడినదాంట్లో పైసలు పోతాయి, నేను చేసేదాంట్లో ఎవరూ ఒక్క రూపాయి పందెం పెట్టరు అని ఆ మాటల్లోనే చెప్పు.

అది చెప్పాక ఉపన్యాసం ఆపేసి ఆయన్ను పనిలో పెట్టు. మిర్చి గేమ్‌లో నీకు తెలియనివి బోలెడు. మొదటి కోత కాయకు, రెండో కోతకు ధరలో తేడా ఎంత? తేమ ఉందంటే ఎంత తగ్గిస్తారు? ఏ నెలలో యార్డు నిండిపోతుంది? రైతు ఏ మాట అంటే వ్యాపారి రెండొందలు పెంచుతాడు? ఇవి గూగుల్‌లో ఉండవు, ఆయన దగ్గర ఉన్నాయి. నోట్‌బుక్ పట్టుకుని అడుగు. మొదటి రోజు "నీకెందుకురా అయ్యన్నీ" అంటాడు. రెండో రోజు చెప్తాడు. గేమ్ చూపించినప్పుడు "గిట్ల గాదురా, తేజకు గంత తక్కువ ఎవడిస్తడు" అని కసురుకుంటే దిగులుపడకు, ఆ అంకె మార్చుకో. ఆయన మెచ్చుకుంటాడని నేను మాటివ్వలేను. గుమాస్తాగా అడ్తి దుకాణం వైపు కూర్చున్న మనిషి, రైతు వైపు నుంచి ఆడే ఆట ఆయనకు నచ్చకపోవచ్చు కూడా. అప్పుడు వాదించకు. అడ్తిదారు వైపు నుంచి ఆడితే ఎలా ఉంటుందో అడిగి చూడు, గేమ్‌కు రెండో భాగం దొరకొచ్చు.

పెళ్లి సంబంధాల సంగతి చిన్నది. ఉద్యోగం ఉంది, వారంలో ఫలానా వేళలు నా గేమ్ పనికి కేటాయించుకుంటాను అని అమ్మాయికి నువ్వే ముందుగా చెప్పు. మధ్యవర్తులతో చెప్పించకు, వాళ్ల నోట అది "అబ్బాయి గేములాడతడట" అవుతుంది. వేళలంటే రాత్రి రెండింటిదాకా అని కాదు. నిద్ర మానుకుని రాసిన కోడ్‌ను మర్నాడు తుడిచేయడానికే సగం టైమ్ పోతుంది. వారంలో రెండు సాయంత్రాలు, ఆదివారం పొద్దున. ఇంతకంటే ఎక్కువ పెట్టుకుంటే పెళ్లయ్యాక ఎలాగూ నిలవదు.

కోటకు ఎప్పుడు తిరిగి వెళ్లాలి, ఉద్యోగం ఎప్పుడు వదలాలి అని మళ్లీ అడుగుతావు. మిర్చి గేమ్ బయటికి వెళ్లి, దాని తర్వాత ఇంకో చిన్నది వెళ్లి, నువ్వెవరో తెలియని మనుషులు డబ్బిచ్చి కొన్న రోజున, ఏడాది ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంటే, అప్పుడు నాకు ఇంకో ఉత్తరం రాయి. అప్పుడు నా జవాబు వేరుగా ఉండొచ్చు.

ఒకటి మిగిలింది. నీ ఆఫర్ లెటర్‌తో పాటు సంతకం పెట్టిన ఒప్పందం బయటికి తీసి చదువు. ఉద్యోగంలో ఉండగా నువ్వు చేసిన సాఫ్ట్‌వేర్ అంతా మాదే అనే షరతు కొన్ని కంపెనీల కాగితాల్లో ఉంటుంది. బయటి సంపాదన ఏదైనా ముందుగా చెప్పాలన్న షరతు ఇంకా మామూలు. చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పని మీద హక్కు యజమానిది. నీ ఇంట్లో, నీ టైమ్‌లో, నీ లాప్‌టాప్ మీద, నీ ఉద్యోగంతో సంబంధం లేకుండా చేసిన గేమ్ ఆ మాట కిందికి రాదు. కానీ సంతకం పెట్టిన ఒప్పందంలో ఇంతకంటే ఎక్కువ రాసి ఉంటే గొడవే. అందుకే ఆఫీసు లాప్‌టాప్‌లో గేమ్ ఫైలు ఒక్కటి కూడా తెరవకు, ఆఫీసు మెయిల్‌తో ఏ స్టోర్ ఖాతా తెరవకు, లంచ్ టైమ్‌లో కూడా. షరతు అర్థం కాకపోతే తెలిసిన వకీలుకు చూపించు. హెచ్‌ఆర్‌ను అడగాల్సొస్తే, "ఖాళీ సమయంలో సొంతంగా ఒక చిన్న గేమ్ చేసి ఉచితంగా పెట్టాలనుకుంటున్నాను, అభ్యంతరం ఉందా" అని మెయిల్‌లోనే అడుగు. కారిడార్‌లో నిలబడి "పర్వాలేదులే" అన్న మాట లెక్కలోకి రాదు, మెయిల్‌లో వచ్చిందే దాచుకో.

– మీ అక్క